బ్యారనీ కాడ రీడింగు

మా బాబాయి టేపురికార్డరు
ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను ఆ రాత్రి,
పన్నెండేళ్లదాన్ని,
పాట పట్టుకుందామని.
పాత క్యాసెట్టే. దాని మీద ఎవరిదో పెళ్లి సన్నాయి ఉండేది.
తుడిచేస్తే తిడతారని తెలిసీ
రెండు మీటలూ కలిపి నొక్కాను.

మాఘమాసం. ముసివాగు మీంచి చలి.
కొండపి దాటాక మా పాలెంలో
వెచ్చగా ఉండే చోటు ఒక్కటే,
ఆకు మగ్గుతున్న బ్యారనీ.
పొయ్యి నోటి ముందు గోతాలు పరుచుకుని సగం ఊరు.
పేరయ్య తుమ్మమొద్దులు లోపలికి నెడుతుంటాడు.
వాడి కొడుకు, నా ఈడువాడే, వెనక నుంచి అందిస్తుంటాడు.
ఏసోబు తన డప్పుని
నీళ్లు పోసిన బిడ్డను తిప్పినట్టు తిప్పుతూ
మంటకు చూపిస్తుంటాడు.
ఒక దెబ్బ కొట్టి, చెవి ఆనించి,
"ఇంకా పచ్చే" అంటాడు.
ఆకు సంగతో తోలు సంగతో ఎవరూ అడగరు.

చదివేది మాలకొండయ్య తాత.
ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగినవాడు.
వారపత్రికలో సీరియల్‌ని
టిక్కెట్లడిగే గొంతుతోనే చదివేవాడు.
కామా దగ్గర ఆగి, ఎక్కేవాళ్లు ఎక్కాక
"రైట్" అన్నట్టు కదిలేవాడు.
కథలో పద్మజ అనే పిల్ల
మంచం మీద నుంచి లేవలేక
డాక్టరు ఉత్తరం విప్పుతుండగా
కిటికీ అద్దంలోకి లాంతరెత్తి పేరయ్య కేక:
"నూట పద్దెనిమిది!"
అందరూ ఊపిరి వదిలారు.
నేను మాత్రం ఏడ్చాను,
అంత జ్వరమా అని.

ఆఖరి పేజీ లేదు.
ఎవరో అందులో పొడి చుట్టుకుని తాగేశారు.
"ఇంతేనా?" అంది పిచ్చమ్మ.
"ఆ పిల్ల బతికిద్దా సచ్చిద్దా, ఏందయ్యా నువ్వు!"
ఇంక ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు.
ఏసోబు ఆమెను ఒంగోలు పెద్దాసుపత్రిలో చేర్పించాడు.
పిచ్చమ్మ ఆ డాక్టర్ని వదిలించి
కందుకూరులో కుట్టుమిషను పెట్టించింది.
నిరుటి అప్పు తీరని ఇద్దరు
పద్మజ నాన్న ఆకుకి ఈసారి మంచి రేటు పలికిందన్నారు,
ఆ కథలో ఆకే లేదు.

అప్పుడెత్తుకుంది మస్తానమ్మ.
కర్రలకు ఆకు అల్లీ అల్లీ
జిగురుతో నల్లబడ్డ వేళ్లు చెవి మీద పెట్టుకుని

"అల్లేది నా చెయ్యి, అమ్మేది నీ నోరు,
ఆకు రంగు సూడు బావా, నా కోక రంగడగమాక"

డప్పు అందుకుంది.
నేను మీటని అదిమే పట్టుకున్నాను,
వదిలితే పాట పారిపోతుందేమోనని.

పొద్దున వింటే ఏముంది?
గరగర. దగ్గు. కుక్క.
పొయ్యి మింగే గాలి.
దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు మునిగిపోయింది.
ఆమె ఊపిరి పీల్చుకునే సందులో
తేటగా దొరికింది ఒక్క మాట, పాట కానిది:
"పేరయ్యో, మంట తగ్గింది, ఒక మొద్దెయ్యి!"
ఆ వెనకే, క్యాసెట్టు అడుగు నుంచి
చెరగని పెళ్లి సన్నాయి, అర నిమిషం.

నిరుడు ఆ ముక్కను ఫోన్లోకి ఎక్కించి
మస్తానమ్మ కూతురు ఆదెమ్మకు పంపాను.
పాట దొరకలేదు, ఇదే ఉంది అని రాశాను,
అప్పు ఎగ్గొట్టినదానిలా.
ఆమె దాన్ని రింగుటోను చేసుకుంది.

టంగుటూరు వేలం కేంద్రంలో,
బేళ్ల వరసల మధ్య,
కొనేవాళ్లు చేతి మిషన్ల మీద ధర నొక్కుతుండగా
మోగిందట ఆమె సంచిలో:
"పేరయ్యో, మంట తగ్గింది..."
బేలెత్తబోతున్న పేరయ్య కొడుకు
దాన్ని వదిలేసి
వెనక్కి తిరిగాడట, మొద్దు కోసం
ఖాళీ చెయ్యి చాచి.

ఆదెమ్మ ఫోనెత్తలేదు. మోగనిచ్చింది.
చివర్లో సన్నాయి వస్తుందిగా.